పడు

కంబదూరు పక్కన మా చేను. ఇది మూడో బోరు.
రిగ్గు మోతలోనే మా వన్నూరమ్మ
ఇంగ్లీషు పుస్తకం తెరిచి అరిచింది:
"ఫాల్ అంటే పడడమే కదా నాయినా?"

అంతే గదా.
వాన పడడం, శెనక్కాయల ధర పడిపోవడం,
మొన్న మీ జేజి గచ్చుమీద కాలుజారి పడడం.

"మరి సిగ్గుపడడం? కష్టపడడం?
ఖాతాలో డబ్బులు పడడం?"

నీళ్లు చూసే తిప్పేస్వామి అరచేతిలో
టెంకాయ నిక్కి నిలబడింది ఇక్కడే.
నిలబడడంలోనూ ఒక పడడం ఉందని
నాకిప్పుడే తట్టింది. ఆ పిల్లకు చెప్పలేదు.

నాలుగొందల అడుగులు. తెల్లదుమ్ము.
ఐదొందల యాభై. తెల్లదుమ్మే.
వాళ్లు అడుగులు లెక్కపెడుతున్నారు,
నేను అప్పు.

ఆరొందల పదికాడ దుమ్ము నల్లబడింది.
రిగ్గు మీది సేలం పిల్లోడు
తనకొచ్చిన ఒక్క తెలుగు ముక్కా
గొంతు చించుకుని అన్నాడు:
"పడింది!"

బురదనీళ్లు మా తలలు దాటి లేచినాయి.
పుస్తకం తడిసింది.
"పైకి లేస్తాంటే పడిందంటాడేం నాయినా?"

ఇంచున్నర నీళ్లు. ఎండాకాలం దాటితే చూద్దాం.

రాత్రి పుస్తకం పొయ్యికాడ ఆరబెట్టి
ఆ మాట పక్కన పెన్సిలుతో ఏదో రాసుకుంది.
అడిగితే చెయ్యి అడ్డం పెట్టింది.