తలకట్టు

పాత కాపీ తీసుకురమ్మన్నడు డాక్టర్.
నారాయణపేటల మొదటి బస్సు ఎక్కిన,
సంచిలో మూడో తరగతి తెలుగు కాపీ,
అట్ట మీద పెన్సిల్‌తో గీసిన ట్రాక్టర్.

మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి, పిల్లల వార్డు.
కురుమూర్తి పొద్దంత పండుకుంటున్నడు,
రాత్రంత మేలుకొని
వాళ్లమ్మను "నువ్వెవరి తల్లివి?" అని అడుగుతున్నడట.
ఆమె నవ్వి, "నీ తల్లినే" అని చెప్పి,
బాత్రూం దాకా పోయి ఏడ్చొస్తున్నది.

కాలేయం చెడితే మెదడు మసకబారుతదట.
మత్తు ఎంత లోతుకు దిగిందో
చేతిరాత చెప్తదట.
అందుకే రోజూ పొద్దున్నే
ఒక తెల్లకాగితం, ఒక మొద్దు పెన్సిల్:
"నీ పేరు రాయి, బిడ్డా."

మొన్న: కురుమూర్తి, కొంచెం వాలి.
నిన్న: తవత్తు ఊడి
కాగితం అంచు వైపు జారిపోయింది.
ఇయ్యాల తలకట్లు లేవు.
నెత్తి మీద గుడ్డ లేకుండ
ఎండల నిలబడ్డ అక్షరాలు.

మా వాడ నల్లా పైపు మోరీలకెంచి పోతది.
అందరం చూసినం, అందరం దాటినం.
క్లాసుల నలుగురికి జ్వరం, వాంతులు;
ముగ్గురు వారానికి లేచి గోలీలాడిన్రు.
వీనికి ముసలమ్మ పసరు పోసింది,
ఉప్పు మాన్పించింది, మంత్రం వేయించింది.
ఆమెను నేనేమనను.
నేనేం చేసిన్నో డాక్టర్ చేతుల ఉంది.

ఆయన పేజీలు తిప్పుతున్నడు.
ముత్యాల్లెక్క రాసిన జూన్, జులై.
ఒక కాడ ఆగిండు.
పాఠం సగం నుంచి వరుసలు వంకర,
చివరి మాట ఒట్టి గీత.
దాని కింద నా ఎర్రసిరా:
"శ్రద్ధ లేదు. పదిసార్లు రాయి."

"ఇది ఎన్నడు రాసిండు సార్?"
"సోమవారం."
ఆయన ఏమనలే. తేదీ మాత్రం
కేసు షీటుల ఎక్కించుకున్నడు.

ఆ సోమవారమే షాహెదా లేచి
"సార్, వీని కండ్లు పచ్చగున్నయి" అంటే
కూర్చో అన్న.
పదిసార్లూ రాసిండు వాడు.
ఎనిమిదోసారికి పేజీలు అయిపోతే
అట్ట లోపల రాసిండు.

రక్తం గడ్డకట్టే లెక్క రేపొస్తదట.
తగ్గితే ఇక్కడనే, పెరిగితే హైదరాబాద్.
"కాలేయం మళ్ల పెరుగుతది సార్,
చిన్నపిల్లలల్ల తొందరగనే" అన్నది నర్సు.
పెరిగేదాకా ఆగాలె, అని కూడా అన్నది.

తెల్లారి కాగితం నేనే పట్టుకున్న.
వాడు చాలాసేపు పెన్సిల్ మొన చూసి
క రాసిండు.
దాని మీద చిన్న గీత.
తలకట్టో, చెయ్యి వణుకో.
డాక్టర్ కిటికీ కాడికి పోయి
వెలుతురుకు పట్టి చూస్తున్నడు.