లీరాలు, సబ్బులు

యూరోల్లో లెక్క కట్టమంటారా, అంటుంది ఏటీఎం.
ఊఁ అంటే మునిగినట్టే;
మూడో చలికాలానికి గానీ హిల్కాకి తెలిసిరాలేదు.
వద్దని నొక్కి
నోట్లు రెండుసార్లు ఎంచింది, ఫిన్నిష్‌లోనే.

నీళ్ల బిల్లుకి పోస్టాఫీసు.
మోకాలి మాత్రలకి ఖాళీ అట్ట చూపిస్తే చాలు.
అలన్యా సంతలో నిమ్మకాయలాయన ముందు
చిల్లర పోసిన అరచెయ్యి చాపుతుంది.
తనకి రావలసింది ఏరుకుని
ఒక కాయ కొసరు వేస్తాడు.

ఏప్రిల్. రేపు విమానం.
మిగిలిన లీరాలు దాచుకుంటే
నవంబరుకి సగం కరిగిపోతాయి
వాళ్లూరి గుమ్మంలో మంచులా.

అందుకని అన్నిటికీ సబ్బులు కొనేసింది,
ఆలివ్ నూనెవి, పదకొండు.
పైవాటా నెర్మిన్‌కి అప్పగిస్తే
ఇన్నెందుకు, అంది ఆవిడ.

డెబ్భై తొమ్మిదేళ్ల హిల్కా
టర్కిష్ మాటల కోసం తడుముకుంది.
ఒక్కటే దొరికింది:
మళ్లీ.