పుల్లల లెక్క

ఫారంల ఒకటే గడి:
రోజుకు ఎన్ని?
అండ్ల ఒక అంకె పడితే
పై ఆఫీసుకు కడుపు నిండుతది.

హేమ్లా తాత వచ్చి కూసున్నడు,
స్టూలు మీద కాదు, గడప మీద.
లోపల పొగ వద్దని రాసిన్రు గద బిడ్డా,
ఒంట్ల ఉన్న పొగను ఏడ పెట్టి రావాలె? అన్నడు.
నాకు నవ్వొచ్చింది.
ఆయనకు దగ్గొచ్చింది.

బంజారాహిల్స్ వెనక్కి దిగే సందుల
మా బస్తీ దవాఖాన.
కొండకు మా పేరు మిగిలింది.
మాకు రెండు గదులు, ఒక బీపీ మిషను,
గోడకు ఎవరిదో పుండు పడ్డ నోరు ఫొటో.
మూడేండ్ల సంది ఆ నోరు తెరిచే ఉంది,
ఒక్కరికీ ఒక్క మాట చెప్పలే.

ట్రైనింగుల నేర్పిందే నేనూ చెప్పిన మొదట్ల,
పుస్తకం తెలుగుల,
ఊపిరితిత్తులు, రక్తనాళాలు, శాతాలు.
తాత తలూపిండు.
మా నాయినా గట్లనే ఊపేటోడు డాక్టర్ల ముందట.
తలూపుకుంటనే పోయిండు.

ఆ పొద్దు పెన్ను మూసిన.
గోర్ బోలీల అడిగిన:
తాతా, ఎన్ని అని కాదు,
ఏది ఇడువలేవు?

చానాసేపు ఏం అనలే.
బయట నీళ్ళ ట్యాంకర్ వచ్చింది,
బిందెలు కొట్లాడినయి, ట్యాంకర్ పోయింది.
అప్పుడు విప్పిండు కట్ట.

తెల్లారగట్ల అడ్డా మీద ఒకటి,
మేస్త్రీ వేలు చూపేదాక
చేతులు ఊరికె ఉండొద్దని.
పదకొండో అంతస్తుల ఒకటి,
బీడీ ముట్టించినోనికే రెండు నిమిషాలు కూసునే హక్కు,
ముట్టియ్యనోడు కూసుంటే పనిదొంగ.
కూలి కోసిన దినం రెండు.
దేవరకొండ కెళ్ళి ఫోనొస్తే ఒకటి,
రాకుంటే ఒకటి.
ఇవన్ని గుంజుకో, అన్నడు,
రాత్రిది ముట్టకు.
రాత్రిది జామ్నీ, నేను కలిసి తాగేది.
సగం ఆమె, సగం నేను.
ఆమె పోయి నాలుగేండ్లు.
ఇప్పటికీ సగం కాడ ఆపి
పక్కకు చాపుత.

దీనికి ఫారంల గడి లేదు.

పదకొండో అంతస్తుది పట్టుకున్నం ముందు.
సూపర్‌వైజర్‌కు చిట్టీ రాసిన,
దవాఖాన ముద్ర గట్టిగ గుద్దిన:
"ఇతనికి రోజూ రెండుసార్లు కూర్చొనుట మందు."
ఏ డాక్టరూ రాయని మందు.
ఒప్పుకున్నడు.

నమిలే గోలీ ఇస్తే, పండ్లేవి? అన్నడు.
పట్టీ ఇస్తే
భుజం మీద జామ్నీ పేరు పచ్చబొట్టు పక్కన
దానికింత జాగ ఇచ్చిండు.
మూడు వారాలకు స్టాకు అయిపోయింది.
ఇండెంటు పెట్టిన,
ఇండెంటు మీద ఇండెంటు పెట్టిన.
పక్క గల్లీ సక్రీకి అదే పట్టీతోని దద్దుర్లు లేచినయి.
ఆమె చుట్ట ఇంకో తీరు ఇడిసింది,
అద్దాల కుట్టు పని తెచ్చుకొని.
సూదికి రెండు చేతులు కావాలె గద, అంటది.

దసరాకు తాండకు పోయొచ్చిండు తాత,
నా దిక్కు చూడకుంట నిలబడ్డడు.
కట్టంత తాగిన, అన్నడు.
నేను ఫెయిల్ అని రాయలే.
పండుగ అని రాసిన.

చలి ముదిరినంక ఒక పొద్దు
అగ్గిపెట్టె టేబుల్ మీద గుమ్మరించిండు.
లెక్కపెట్టు.
సోమారం కొన్న పెట్టె, ఇయ్యాల శుక్రారం.
ముప్ఫై ఒకటి ఉన్నయి.

కాలినయాట్ల ఒకటి నిన్న రాత్రిది, అన్నడు.
బీడీకి కాదు.
పిడక నిప్పుల మీద నెయ్యి, బెల్లం ఏసి
జామ్నీ పేరు మీద భోగ్ పెట్టిన.
పొగ సక్కగ పైకే పోయింది.
ఈసారి మొత్తం ఆమెకే.

జరంత ఆగిండు.
ఇంకోటి కూడ ఉంది.
అది మాత్రం అడుగకు.

అడుగలే.
ఇద్దరం కలిసి పుల్లలు ఏరి
పెట్టెల పెట్టినం,
తలలన్ని ఒక్క దిక్కే ఉండేటట్టు.