మావత్తు మానేదాకా

మూడు దినాలు నీళ్ళు తగలగూడదు అనింది లోర్నా.
నవ్వొచ్చింది నాకు.
జహ్రాలో, ఆ ఇంట్లో, నా చేతులు
పొద్దున నాలుగున్నరకు నీళ్ళల్లోకి దిగితే
రాత్రి పన్నెండుకు గట్టెక్కుతాయి.

ఫర్వానియాలో మూడో అంతస్తు,
బియ్యం మూటలు పేర్చిన గది.
దిండు మీద ఎడమచెయ్యి పెట్టి కూచున్నాను.
సూది గుచ్చేటప్పుడు పాట పాడతారని చెప్పేది మా జేజి,
ఏడుపు ఇంటిబయటికి పోకుండా.
లోర్నా దగ్గర పాట లేదు. ఏసీ మోత ఉండాది.
తెలుగు గూడా లేదు ఆమెకు.
కుబ్బూస్ కవరు మీద నేను రాసిచ్చిన అక్షరాలను
పక్కింటి ముగ్గు చూసి వేసినట్టు వేసింది.
ఓ. బు. ల.
మ దగ్గర ఆగి, కిందున్న బుడిపె చూపించి
ఇది మరకా? అనడిగింది.
మరక కాదు తల్లీ, మావత్తు.
అది లేకుండా పిలిస్తే నేను పలకను.

పది దినార్లు చెప్పి ఏడు తీసుకునింది.
చిన్న డబ్బీలో వాసలీను ఇచ్చింది.
పల్చగా పూయాలంట,
పిసినారి రొట్టెకు నెయ్యి పూసినట్టు.
ఎండ తగలనీయొద్దు. గీరొద్దు.
పొక్కు లేస్తే పీకొద్దు, దాని పొద్దుకు అదే రాలుతాది.

ఇంట్లో నా పేరు కుమారి.
నాకు ముందు చేసిపోయిన సింహళామె పేరది.
ఆమె మంచం నాకొచ్చింది, ఆమె ఏప్రాను వచ్చింది,
వాటితో పాటే పేరు.
ఏడేండ్లు. కొలతలు సరిపోయినట్టే ఉండాయి.
పలుకుతానే ఉండాను.

మొదటి రాత్రి చెయ్యి కాగిపోయింది.
రెండోనాడు ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరుబాండు వేసి
గిన్నెలు తోమితే
లోపల చెమటకే మునిగింది. పీకి పారేసినాను.
మూడోనాడు మేడమ్ క్లోరాక్సు చేతికిచ్చింది.
చెప్పులు విడిచినట్టు
ఎడమచేతిని తలుపు బయటే విడిచి
ఒంటిచేత్తో కడిగినాను బాత్రూమంతా.
పసుపు వంటింట్లోనే ఉండాది, డబ్బా నిండా.
తెల్లచొక్కా చేతికి అంటితే దొరికిపోతాను.

ఐదోనాటికి దురద.
దోమ దురదకు ఒక కొస ఉంటాది,
ఇది గాయం తలుపులేసుకుంటా పెట్టే దురద.
గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాను.
నిద్రపట్టక పైపైన తట్టుకుంటా ఉంటే
పక్కమంచం పిల్ల అడిగింది,
ఎవుర్ని నిద్రపుచ్చుతాండావు అక్కా అని.

ముసలామెకు బుధవారం నీళ్ళు పోయాల.
అందరూ యుమ్మా అంటారు ఆమెను.
చేతులు మడవకుండా నీళ్ళు పోసేదెట్ల?
మడిచినాను.
చూసింది.
టికెట్టు, ఎయిర్‌పోర్టు, అప్పుకాయితం
అన్నీ ఒక్కసారే కనపడినాయి నాకు.

ఆమె గడ్డం మీద మూడు చుక్కలు,
చిలుం పట్టిన రాగి రంగు.
ఏడేండ్లుగా తుడుస్తా ఉండాను ఆ గడ్డాన్ని.
ముడతల్లో మురికనుకొని
కొత్తల్లో గట్టిగా రుద్దినాను గూడా.

మర్చిపోయి గీరబోతే
ఛట్టుమని కొట్టింది చేతిమీద.
ఖల్లీ! వదిలెయ్!
ఆ చేతిలో అంత బలముందని
ఆ ఇంట్లో ఎవురికీ తెలీదు.
తన తలకు రాసే నూనెసీసా తెమ్మనింది.
తనే పూసింది.
లోర్నా చెప్పినంత పల్చగా కాదు,
మోచేతి దాకా కారిపోయేటట్టు.

పదకొండోనాడు పొక్కులు దిండుగుడ్డ మీద రాలినాయి,
ఆవాల పొట్టు మాదిరి.
ఓ ఉండాది. బు ఉండాది. ల కొంచెం వంకర.
మావత్తు సగం పొక్కుతోనే పోయింది.
నెల తర్వాత రా, దిద్దుతాను, దుడ్లొద్దు
అనింది లోర్నా ఫోనులో.
ఆ శుక్రవారం సెలవిస్తారో లేదో.

యుమ్మా మాత్రం నీళ్ళపొద్దు వస్తే
నా చెయ్యి లాక్కుంటాది.
వేలు పెట్టి చదువుతాది,
కుడి నుంచి ఎడమకు, వాళ్ళ చదువు మాదిరి.
మొదట తగిలేది మావత్తే.
అక్కడ ఆగి
ఇంకొంచెం నూనె అంటిస్తాది.