పొగగొట్టం మీద పురుడు

మే నెల వచ్చిందంటే ఎల్స్‌పెత్
బట్టలారేయడానికి పెరట్లోకెళ్తూ
నెత్తికి పైన తుడుపుకర్ర నిలబెట్టి పట్టుకుంటుంది.
ఎత్తుగా ఏది కనిపిస్తే దాన్నే పొడుస్తుందిట సీగల్.
కర్రకు తగిలిన దెబ్బ తలకు తప్పినట్టే.

ఆర్‌బ్రోత్‌లో చేపలకు పొగపెట్టే వీధి మాది.
ఆ వాసనకి
సముద్రం సగం మా ఇళ్ళ కప్పులెక్కింది.
తెల్లవారుజామున మూడింటికే గొడవ,
ఉతికిన దుప్పట్ల మీద సున్నం చుక్కలు.
మార్చిలోనే చెప్పాను, పొగగొట్టానికి వల కట్టించమని.
వింటేనా!
ఇప్పుడు గూడు ముట్టుకుంటే నేరం.

నిన్న పిల్లొకటి జారి
బంగాళదుంప మడిలో పడింది.
బూడిదరంగు నూగు, మచ్చల తల,
మడి కౌలుకు తీసుకున్నట్టు ఆ నడక.
చూడబోతే తల్లి నా టోపీ తన్నుకుపోయింది.

తిడుతూనే ఎల్స్‌పెత్
పార మీదికి పిల్లనెక్కించి
షెడ్డు కప్పు మీద దించింది.
మణికట్టు మీద రెండు గాట్లు.
"బాలింతతో పేచీ ఏమిటిలే" అంది
అయోడిన్ రాసుకుంటూ, పళ్ళు బిగించి.

ఆగస్టుకి ఎగిరిపోతాయి.
అప్పుడు కట్టేద్దాం: వల ఆమెది, నిచ్చెన నాది.
పోయినేడూ
ఇదే గోడ దగ్గర ఇదే అనుకున్నాం.