అజంతం

ఈ ఊరి పేరులో నాలుగు హల్లులు
ఒకదాని ఒళ్ళో ఒకటి ఎక్కి కూర్చుంటాయి,
షిఫ్టు బస్సులో జనంలాగ.
నడుమ ఊపిరి పీల్చుకోడానికి ఒక్క అచ్చు ఉండదు.
పలకడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.
ఇప్పటికీ చివర ఉకారం తగిలించందే
నా నాలుక ఏ మాటనీ గడప దాటనివ్వదు.
క్లూచ్ అంటే తాళంచెవి. నాకది క్లూచు.
ఖ్లెబ్ అంటే రొట్టె. నాకది ఖ్లెబ్బు.
కొట్లో డొమినీకా నవ్వుతుంది,
నవ్వినప్పుడల్లా చిల్లర తప్పు లెక్కపెడుతుంది.

ఇక్కడ గౌరవంగా ఏ ఆడమనిషినైనా పానీ అంటారు.
ఊరినిండా పానీలే, పనే లేదు అని
వచ్చిన కొత్తలో ఒక జోకు కట్టాను.
అర్థమయ్యే మనిషి దొరక్క
ఆరేళ్ళు జేబులో పెట్టుకు తిరిగాను.

అవిసె నార మిల్లు మూతబడి ముప్ఫయ్యేళ్ళు.
పొగగొట్టం అంచున బర్చి మొక్క ఒకటి మొలిచింది,
అంత ఎత్తు నిచ్చెన మునిసిపాలిటీ దగ్గర లేదు.
కింది వాటాలో పానీ గెనొవేఫా
మోగని సైరనుకి ఇంకా నాలుగున్నరకే లేస్తుంది.
వేడినీళ్ళలో తడినూలు తీసీ తీసీ
ఆమె వేళ్ళు అల్లంకొమ్ముల్లా తిరిగిపోయాయి.
అయిదూ పదికి నా బస్సు,
కార్లకి వైర్లు చుట్టే షెడ్డుకి.
మెట్ల మీద ఎదురవుతాం,
ఆమెకి బొగ్గు బకెట్టు, నాకు టిఫిను డబ్బా.
జేన్ దోబ్రి అంటుంది. జేన్ దోబ్రి అంటాను.
నా అదృష్టం, అది అచ్చుతోనే ముగుస్తుంది.

ఎక్కణ్ణించి, అని అందరూ అడుగుతారు.
పోస్టుమాన్ అడిగాడు. బస్సు డ్రైవరు అడిగాడు.
పళ్ళ డాక్టరు, నా నోట్లో మర పెట్టి మరీ అడిగాడు.
అంత ఎండ వదులుకుని ఇక్కడికా, అని
జాలిగానో, అనుమానంగానో చూస్తారు.
పానీ గెనొవేఫా మాత్రం అడగలేదు.

నవంబరు ఒకటిన శ్మశానానికి తోడు రమ్మంది.
గుట్టంతా ఎర్రగాజు దీపాలు,
మంచులో మైనం వాసన.
ఒకటి మొగుడికి వెలిగించింది.
రెండోది పట్టుకుని గోడ మూలకి నడిచింది,
ఐవీ తీగ కమ్మేసిన చిన్న రాయి దగ్గరికి.
కోటు చేత్తో తుడిస్తే అక్షరాలు తేలాయి,
ఆమె భాషవి కావు.
మా వంటింటివాళ్ళ పిల్ల, అంది.
నలభై ఆరులో మా అమ్మ పశువుల రైల్లో దిగింది,
ఒక కుట్టుమిషను తల, కడుపులో నేను.
తాళం తీసి ఇచ్చిన ఇంట్లో
బల్ల మీద పళ్ళేలు అలాగే ఉన్నాయట,
ఒకదాంట్లో సగం కొరికిన ఆపిలు.
వాళ్ళని వేరే రైలెక్కించారు.
ఆ పళ్ళేల్లోనే తిని పెరిగాను,
ఏడాదికో దీపం ఏమంత ఖర్చు?

అయితే ఈ ఊరివాళ్ళు ఎవరు, అన్నాను.
గాలి అటునుంచి, చెయ్యి అడ్డుపెట్టు, అంది.

తిరిగొస్తూ మళ్ళీ మొగుడి దగ్గర ఆగింది.
రాతి మీద పేరు హేనెక్.
ఆమె పిలిచింది మాత్రం, హేన్కు, అని.
ఓ, ఓయి, ఓరి, ఓసి...
ఆరో తరగతి బల్ల ఒకటి కిర్రుమంది నాలో.
వీళ్ళకీ ఉంది సంబోధన,
పిలిస్తే చాలు, హల్లుకి ఉకారం వస్తుంది.

నేను కామేశ్వరరావుని.
కంపెనీ కార్డులో చోటు చాలక
కామేష్ దగ్గర తెంపేశారు.
ఆరేళ్ళుగా ఆ మొండి పేరుకే
తలుపులు తెరుచుకుంటున్నాయి, జీతం పడుతోంది.

గేటు దగ్గర జారుతుందని నా మోచెయ్యి పట్టుకుంది.
పానియె కామేషు, అంది, మెల్లగా.
ఇంకేదో కూడా అంది, అర్థం కాలేదు.
బొగ్గు గురించి అనుకుంటాను.

మర్నాడు నాలుగున్నరకి
నేనే ముందు దిగి బకెట్టు నింపాను.
ఆ పాత జోకు ఆమెకి చెప్పాను.
నవ్వలేదు.
పని ఉండేది, అంది.