చిత్రిక పట్టని చోటు

వేలంల ముప్పై ఆరు బెంచీలు పాడుకున్నది
స్టార్‌విజన్ టాలెంట్ స్కూలు కరస్పాండెంటు.
ఒక్కోటి రెండొందల పది.
పొయ్యి కట్టెల కింద పనికొస్తయని
పోటీకొచ్చిన చికెన్ సెంటరు పర్వతాలు
నూట ఎనభై కాడనే నవ్వి ఊకున్నడు.

సర్కారు బడికి తాళం పడ్డది జూన్ల.
తొమ్మిదిమంది పిల్లలుంటే అది బడి కాదట,
లెక్క అట్ల చెప్తదట.
తొమ్మిదిమందిని ఆటో ఎక్కించి పక్కూరి బడిల కలిపిన్రు.
కిరాయి మూణ్నెల్లు వచ్చింది.
నాలుగో నెల ఆరుగురే ఎక్కిన్రు.

బెంచీలు మాత్రం ఊరు దాటలే.
మెయిన్ రోడ్డుకు ఆ దిక్కుకెల్లి ఈ దిక్కుకు,
కల్వకుర్తి బస్సు హారన్ కొడుతుంటే
ట్రాక్టరు మీద అడ్డం వచ్చినయి, అంతే.

చేసింది నేనే వాటిని,
వడ్ల సోమాచారి,
పనిముట్ల సంచి తప్ప ఏ సర్టిఫికెటూ లేనోణ్ణి.
ఎనభై తొమ్మిదిల ఊరంత తలా ఇంత ఏసుకొని
నల్లమద్ది దుంగలు కొన్నరు.
నాకు కూలి కింద జొన్నలు కొలిసిన్రు.
రెండొందల మంది పోరగాళ్ళు అప్పుడు,
బెంచికి ఐదుగురు ఇరికినా
కింద ఇంకో వరుస.

"పేర్లన్ని పోవాలె చారీ,
పేరెంట్స్ చూస్తే పాత సామాననుకుంటరు.
కూలి నీ మనవరాలి ఫీజుల కట్ చేస్త."
చేసిండు. టర్ము ఫీజుల పావు వంతు తెగింది.
టై, బెల్టు, డైరీ పైసలు అట్లనే ఉన్నయి.

మొన్న మండలాఫీసుల మీటింగాయె.
దేశం సదువంత మార్సాలెనని
హైదరాబాదు కెల్లి కమిటోళ్ళొచ్చిన్రు.
నేను అండ్ల కిటికీ రెక్క బిగిస్తున్న.
సర్కారు బడిల ఇంగ్లీషు గట్టిగ చెప్పాలె అన్నడొకాయన.
ప్రైవేటు ఫీజుకు పగ్గమెయ్యాలె అన్నడొకాయన.
"సార్ల పిల్లలు ఏ బడికి పోతున్రు?"
అని ఎనుక కుర్చీలకెల్లి అడిగింది
మధ్యాన్నం బువ్వొండే హజరత్‌బీ.
మైకు ఆమె దాకా రాలే.
చాయ్ వచ్చింది.

నాకెరుకైంది ఒక్కటే.
ఊగే బెంచికి మేకు మీద మేకు కొడితే
ఇంకో ఎండకాలం దాకా ఆగుతది.
బెజ్జంల కొయ్య వదులైందా, కాలు పొట్టిదా,
బెంచి మంచిగనే ఉండి
దాని కింద నేలనే పల్లమున్నదా,
బోర్లేసి చూడాలె.
ఎవలూ అడగలే. నేనూ చెప్పలే.
కిటికీ ఇప్పుడు మంచిగ పడ్తున్నది.

చిత్రిక పట్టబోతే మొదటి పలక మీదనే
కుర్మయ్య, ఐదో తరగతి.
వాని పక్కన కేతావత్ సోని, ఒక తేలు బొమ్మ,
ఎనిమిది ఏడ్ల కాడ ఆగిపోయిన ఎక్కం.
పదకొండో బెంచి మీద అంజిలమ్మ.
ఇప్పుడామె స్టార్‌విజన్ల సోషల్ టీచరు.
బీఎడ్ చేసినందుకు నెలకు ఎనిమిది వేలు,
ఎండకాలం సెలవులకు అవి గూడ లేవు.
పిల్లల్ని బస్సెక్కించి పొద్దుమూకి వచ్చింది,
పేరు మీద వేలు పెట్టింది.
"నా రాత అప్పుడే మంచిగుండె చారీ మామా."
చెరుపు అనలే. ఉంచు అనలే.

పలకలన్ని ఊడదీసిన.
మూడు దినాల పనికి ఆరు దినాలు పట్టింది.
ఒక్కొక్కటి తిరగేసి బిగించి,
పైకొచ్చిన ముఖానికి చిత్రిక పట్టి
వార్నిష్ కొట్టిన.
కరస్పాండెంటు అరచెయ్యితో రాసి చూసి
"అద్దమోలె తెచ్చినవు" అన్నడు.

వారం ఎల్లింది.
రాత్రి పళ్ళెం ముంగట కూసొని మా వర్ణిక అన్నది:
పెన్సిల్ పడితే వంగిన తాతా,
బెంచి కింద మస్తుమంది ఉన్నరు.
తేలు గూడ ఉన్నది.

నేను పప్పు కలుపుతున్న.

వాళ్ళది ఏ సెక్షన్, తాతా?